ఎర్ర లైటు వెలుగుతోంది, టీవీ మాత్రం ఆన్ కావడం లేదు

మా 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ కొని ఏడేళ్లయింది. పోయిన వారం ఉరుముల వానకి కరెంటు రెండు మూడుసార్లు వచ్చి పోయింది. అప్పటి నుంచి ఇదే తంతు. ఎర్ర లైటు వెలుగుతుంది, రిమోట్ నొక్కితే రెండుసార్లు మినుక్కుమంటుంది, అంతే. బొమ్మా లేదు, శబ్దమూ లేదు. తెర వెనక వెలుగిచ్చే బ్యాక్‌లైట్ ఒక్కటే పోయిందేమోనని చీకట్లో తెర మీద టార్చి వేసి చూశాను. లీలగా కూడా ఏమీ కనిపించలేదు.

ప్లగ్ తీసి, ఒక పూట ఆగి వెనక మూత విప్పాను. ఫ్యూజు బాగానే ఉంది. పవర్ బోర్డు మీద 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్లు (ఛార్జిని నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటివి) రెండు పైన ఉబ్బి ఉన్నాయి. స్టాండ్‌బైలో 5 వోల్టులు వస్తున్నాయి గానీ, ఆన్ చేయగానే మూడున్నరకి పడిపోతున్నాయి. మెకానిక్ ఏమో బోర్డే మార్చాలి, 2800 అవుతుంది అంటున్నాడు. ఉబ్బినవి రెండే కదా, బోర్డంతా ఎందుకని నా బాధ!

షాపులో 25 వోల్టులవి లేవని 35 వోల్టులవి ఇచ్చారు, కాస్త పొడుగ్గా ఉన్నాయి. వేయొచ్చా? సోల్డరింగ్ నాకు వచ్చు. అదే బోర్డు మీదున్న పెద్ద కెపాసిటర్ అంటేనే భయం, ప్లగ్ తీసినా షాక్ కొడుతుందంటారు. దాన్ని డిశ్చార్జ్ చేయడానికి మీరేం వాడతారు?