మిర్చిలో ముడత తగ్గట్లేదు, ఏ మందు కొట్టాలి?

పల్నాడు మిర్చి:
పొద్దుట్నుంచి చేలోనే ఉన్నా, బుర్ర పనిచేయట్లేదు. షాపాయన ఇచ్చినవన్నీ కొట్టా. పక్క చేను బాగానే ఉంది, నాదే రోజురోజుకీ పాడవుతోంది. ఏ మందు కొట్టాలో అర్జెంటుగా చెప్పండి.

లంక రైతు:
ఆకు పైకి ముడిచిందా, కిందికా?

పల్నాడు మిర్చి:
ముడత అంటే ముడతే కదన్నా. దీన్నే మా దగ్గర బొబ్బర అంటాం.

సేంద్రియ సాగు:
అసలు తప్పు యూరియా దగ్గరుంది. అది ఎక్కువైతే చిగురు లేతగా వస్తుంది, రసం పీల్చేవన్నీ అక్కడే చేరతాయి. వేపపిండి వేసుకోవాలి, చేను చుట్టూ జొన్న వరుసలు ఉండాలి, నీలం జిగురు అట్టలు పెట్టాలి. ఇవేవీ చేయకుండా చివర్లో మందు అడిగితే ఏం లాభం?

లంక రైతు:
నీలం అట్టలు తామర పురుగుకండీ. నల్లి (మైట్) కూడా ఆకు రసం పీల్చే సన్నటి జీవే, కానీ దానికి రెక్కలే లేవు, ఎగిరొచ్చి అట్టకు అంటుకోదు.

ఖమ్మం మిత్రుడు:
బొబ్బర అంటే మా దిక్కు వైరస్. మందు లేదు. పీకెయ్యాలె.

పల్నాడు మిర్చి:
పీకేయాలా? కాయ మీదుందన్నా!

లంక రైతు:
తొందరపడకండి. బొబ్బర అని అన్నిటినీ అంటారు, దాంతో ఏమీ తేలదు. ఆకు అంచులు పైకి ముడిస్తే తామర పురుగు. తిరగేసిన పడవలా కిందికి ముడిచి, కాడ సాగి, ఆకు ముదురాకుపచ్చగా ఉంటే తెల్లనల్లి. అది మామూలు కంటికి ఆనదు. పది రెట్లు చూపే లెన్సుతో చిగురాకుల అడుగున చూడాలి. గట్టు పక్క మొక్క ఒక్కటి చూస్తే చాలదు, చేనంతా అడ్డంగా నడిచి అక్కడక్కడా చిగుళ్లు కోసి చూడండి. ముదురాకుల కింద సన్నటి గూడు కనిపిస్తే అది ఎర్రనల్లి. ఇంతకీ ఏం కొట్టారు?

పల్నాడు మిర్చి:
ఇమిడాక్లోప్రిడ్. తర్వాత లాంబ్డా సైహలోత్రిన్. ఆకు కిందికే ముడిచింది.

లంక రైతు:
ఇంకేం, ఆ రెండూ నల్లిని చంపవు. పైగా నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చి అది ఇంకా పెరుగుతుంది. లెన్సులో నల్లి కనిపిస్తేనే నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. మండుటెండలో వద్దు, ఆకు మాడుతుంది.

సేంద్రియ సాగు:
గంధకమూ రసాయనమే కదా!

ఖమ్మం మిత్రుడు:
సేంద్రియంలో గంధకానికి అనుమతుందన్నా.

సేంద్రియ సాగు:
అనుమతుంటే మంచిదైపోతుందా? నేల సంగతి ఎవరూ మాట్లాడరే!

పల్నాడు మిర్చి:
లెన్సు ఎక్కడ దొరుకుద్ది?

ఖమ్మం మిత్రుడు:
గడియారాలు బాగుచేసేటోళ్లని అడుగు.

పల్నాడు మిర్చి:
సరే, థ్యాంక్సన్నా.