పీఎస్‌ఆర్-7లో రెస్పాన్స్ బాడీ స్ట్రీమ్‌గా ఉండాల్సిన అవసరం ఉందా?

ప్రశ్న:
పీహెచ్‌పీలో హెచ్‌టీటీపీ రిక్వెస్ట్, రెస్పాన్స్‌లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం పీఎస్‌ఆర్-7. 2015లో వచ్చిన దాని ప్రకారం రెస్పాన్స్ మీద గెట్‌బాడీ పిలిస్తే వచ్చేది మొత్తం టెక్స్ట్ ఉన్న స్ట్రింగ్ కాదు, ముక్కలు ముక్కలుగా చదవగల స్ట్రీమ్. మనం పంపేది చాలావరకు చిన్న జేసన్, హెచ్‌టీఎంఎల్ పేజీలే. వాటికి ఈ కర్సర్ (స్ట్రీమ్‌లో ఎక్కడిదాకా చదివామో, రాశామో చూపే గుర్తు) టెన్షన్ ఎందుకు? మా లాగింగ్ మిడిల్‌వేర్‌లో (రిక్వెస్ట్‌కీ రెస్పాన్స్‌కీ మధ్య నడిచే కోడ్) బాడీ మీద గెట్‌కంటెంట్స్ పిలిస్తే లాగ్ ఖాళీ. బ్రౌజర్‌లో మాత్రం పేజీ నిక్షేపంగా వస్తోంది. స్ట్రింగే ఇచ్చి ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా?

జవాబు 1:
స్ట్రీమ్ ఉండాల్సిందేనండి. పీహెచ్‌పీలో మెమరీ లిమిట్ డీఫాల్ట్‌గా 128 ఎంబీ. 500 ఎంబీ ఫైలును స్ట్రింగ్‌లోకి లాగితే రిక్వెస్ట్ అక్కడే చచ్చిపోతుంది. స్ట్రీమ్ అయితే కొంచెం కొంచెంగా చదివి పంపొచ్చు. మీ లాగ్ ఖాళీగా రావడానికి కారణం వేరు. హ్యాండ్లర్ (రెస్పాన్స్ తయారుచేసే కోడ్) బాడీలో రాశాక కర్సర్ చివర్లోనే ఉంటుంది, గెట్‌కంటెంట్స్ అక్కడి నుంచి మిగిలింది మాత్రమే ఇస్తుంది. బాడీని స్ట్రింగ్‌గా క్యాస్ట్ చేయండి (మార్చండి), మొదటి నుంచి వస్తుంది.

జవాబు 2:
క్యాస్ట్‌తో మీ లాగ్ సరిపోతుంది, కానీ నా అభ్యంతరం ఇంకా లోపల ఉంది. విత్‌హెడర్ పిలిస్తే కొత్త రెస్పాన్స్ వస్తుంది, దాని బాడీ మాత్రం పాతదానిదే. ఒకచోట రాస్తే రెండూ మారిపోతాయి. మెసేజ్ (రిక్వెస్ట్ లేదా రెస్పాన్స్) మారదని పీఎస్‌ఆర్-7 మాటిచ్చి, అందులో అతి ముఖ్యమైన భాగాన్ని మారనివ్వడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పొడవైన జేసన్ ఉన్న బాడీని రివైండ్ చేసి (కర్సర్‌ను మొదటికి తెచ్చి) చిన్న జేసన్ రాసి చూడండి. పాతదాని తోక అలాగే మిగిలిపోయి, అవతల పార్సర్ ఎర్రర్ ఇస్తుంది. అందుకే మిడిల్‌వేర్ ఉన్న బాడీలో ఎప్పుడూ రాయకూడదు. పీఎస్‌ఆర్-17 (ఇలాంటి ఆబ్జెక్టులను తయారుచేసే ఫ్యాక్టరీల ప్రమాణం) ఫ్యాక్టరీతో కొత్త స్ట్రీమ్ చేసి విత్‌బాడీతో పెట్టాలి. బాడీ ఎన్ని బైట్లో చెప్పే కంటెంట్-లెంత్ హెడర్ ఉంటే దాన్నీ సరిచేయాలి.

ప్రశ్న అడిగినవారు:
రాయడం సంగతి ఒప్పుకుంటాను. మరి పెద్ద సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్‌ను కూడా క్యాస్ట్ చేసి లాగ్ చేయాలా?

జవాబు 2:
వద్దు. క్యాస్ట్ చేస్తే మొత్తం మెమరీలోకి వస్తుంది, స్ట్రీమ్ పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది. పైగా ఈజ్‌సీకబుల్ (కర్సర్‌ను జరపవచ్చా అని చెప్పేది) ఫాల్స్ అంటే వెనక్కి తిప్పలేరు, మీరు చదివేసింది బ్రౌజర్‌కు చేరదు. అలాంటి రూట్లకు స్టేటస్ కోడ్, హెడర్లు, గెట్‌సైజ్ లాగ్ చేస్తే చాలు. సైజు తెలియకపోతే గెట్‌సైజ్ నల్ ఇవ్వొచ్చు, దానికీ కోడ్ సిద్ధంగా ఉండాలి.