స్టీరింగ్ ర్యాక్ మొత్తం మార్చాలంటున్నారు, నిజంగా అవసరమా?

బైరాగిపట్టెడ_హ్యాచ్‌బ్యాక్:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. బండి 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్ష కిలోమీటర్లు దాటింది. కొన్నాళ్లుగా గుంతల్లో నెమ్మదిగా పోతుంటే ముందు ఎడమవైపు నుంచి టక్ టక్ అని శబ్దం వస్తోంది, ఆ దెబ్బ స్టీరింగ్ మీద చేతికి కూడా తెలుస్తోంది. చిత్తూరు హైవే ఎక్కి 80 దాటితే స్టీరింగ్ వణుకుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి కాస్త తగ్గుతుంది. ఇది కాక ఎడమకి లాగుడు. షెడ్డులో చూపిస్తే ఒక రౌండ్ నడిపి "ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాల్ని తిప్పే భాగం) పోయింది, అసెంబ్లీ మార్చాల్సిందే" అన్నారు, రేటు వింటే గుండె గుభేల్‌మంది. బండిని జాకీ మీద లేపి చూడనేలేదు. వచ్చే వారం అమ్మానాన్నల్ని కొండకి తీసుకెళ్లాలి, టెన్షన్ అంతా దానికే. ఈ మూడూ ఒకే జబ్బా, వేర్వేరా? డబ్బు పెట్టేముందు ఇంటి దగ్గర నేనేమైనా చూసుకోగలనా?

చిత్తూరు_షెడ్:
ముందు ర్యాక్ సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. బండిని పైకి లేపకుండా ర్యాక్ పోయిందని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. ఏ శబ్దం ఎప్పుడు వస్తుందో చూస్తేనే సగం జబ్బు తెలిసిపోతుంది. 80 దగ్గర మొదలై ఆపైన తగ్గే వణుకు ర్యాక్ వల్ల రావడం చాలా అరుదు, అది వీల్ బ్యాలెన్సింగో, రిమ్ వంకరో, టైరు ఉబ్బో అయి ఉంటుంది. వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే సాధారణంగా ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనకవి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే మాత్రం డిస్కులు చూపించాలి.

టక్ టక్‌కి చవకైనవాటి నుంచి మొదలుపెట్టు. లింక్ రాడ్, టై రాడ్ ఎండ్ (ర్యాక్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ చివరి జాయింట్), లోయర్ ఆర్మ్ బుష్, బాల్ జాయింట్, స్ట్రట్ మౌంట్, ఇవన్నీ బాగున్నాయని తేలాకే ర్యాక్ దాకా రావాలి. చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి ఎడమ ముందు చక్రాన్ని లేపు. కిందకి మాత్రం దూరొద్దు, జాకీని నమ్మకూడదు. గడియారంలో 9, 3 ఉండే చోట చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒక చేత్తో తోస్తూ ఇంకో చేత్తో లాగు. కటక్‌మని ఆడితే బయటి టై రాడ్ ఎండ్ అయినా, లోపలి ర్యాక్ ఎండ్ అయినా అయి ఉండాలి. తర్వాత 12, 6 దగ్గర పట్టుకుని ఊపు. అక్కడ ఆడితే ఇంకొకర్ని బ్రేకు గట్టిగా తొక్కిపట్టమను, ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్.

ఇంకో పరీక్ష నాకు దీనికన్నా ఇష్టం. బండిని కిందకి దించి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఒకరు స్టీరింగ్‌ని రెండంగుళాలే అటూ ఇటూ కదపాలి, నువ్వు చక్రం వెనక నుంచి చేయి పెట్టి టై రాడ్ జాయింట్ మీద వేళ్లు ఆనించి ఉండు. పోయిన జాయింట్ అయితే ప్రతి కదలికకీ వేలికి టక్‌మని తగులుతుంది, మంచిదైతే ఏమీ తెలియదు. చెవికన్నా వేలికే బాగా దొరుకుతుంది.

బైరాగిపట్టెడ_హ్యాచ్‌బ్యాక్:
థాంక్స్ అన్నా, ఈ ఆదివారం చూస్తాను. లాగుడు గురించి ఏమీ చెప్పలేదు, అదీ టై రాడ్ వల్లేనా?

రేణిగుంట_అలైన్‌మెంట్:
దానికి నేను చెప్తాను, రోజూ చేసే పనే. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకి వాలి ఉంటాయి, చేయి వదిలితే మెల్లగా ఎడమకి జరగడం పెద్ద జబ్బు కాదు. చదునైన రోడ్డు మీద కూడా లాగితేనే చూడాలి. ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. గాలి సరిపోతే ముందు టైర్లు రెండూ అటు ఇటు మార్పించండి (టైరు మీద తిరిగే దిశ బాణం గుర్తు లేకపోతేనే). లాగుడు కుడికి మారితే లోపం టైరులో ఉన్నట్టు. మారకపోతే కాసేపు నడిపి ఆపి, రిమ్ దగ్గర చేయి పెట్టి చూడండి, ఒక పక్క బాగా వేడెక్కితే బ్రేకు క్యాలిపర్ పట్టేస్తోంది. ఇవేవీ కాకపోతే అప్పుడు అలైన్‌మెంట్.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ముందు భాగంలో ఆట పెట్టుకుని అలైన్‌మెంట్ చేయిస్తే డబ్బు దండగ, మెషీన్ మీద అంకెలు బాగానే వస్తాయి, గేటు దాటి రెండు గుంతలు పడగానే మళ్లీ మొదటికే. పార్ట్ మార్చిన తర్వాతే రండి. చాలా చిన్న కార్లకి ముందు చక్రాల టో (లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సర్దుతాం, క్యాంబర్ (చక్రం పైభాగం వాలి ఉండే కోణం) తేడా కనిపిస్తే ఏదో వంగిందనో అరిగిందనో అర్థం, అందుకే సర్దకముందు ప్రింట్, సర్దిన తర్వాత ప్రింట్ రెండూ అడిగి తీసుకోండి.

పాకాల_ట్యాక్సీ:
కొండ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తా. 1974లో రెండో ఘాట్ వచ్చాక ఎక్కేది దాని మీద, దిగేది 1944 నాటి పాత రోడ్డు మీద. మలుపులు ఎక్కువ దిగేటప్పుడే. టై రాడ్ ఎండ్ ఊడితే ఆ చక్రం స్టీరింగ్ మాట వినదు, దాని ఇష్టం. పెద్దవాళ్లని ఎక్కించుకుని అలాంటి బండిలో దిగొద్దు తమ్ముడూ, ఆర్టీసీ బస్సులో హాయిగా వెళ్లిరండి. ఇంకోటి, మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కట కట కట అంటే అది డ్రైవ్ షాఫ్ట్ జాయింట్, రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మి ఉంటుంది, చక్రం లోపలివైపు నల్లగా కనిపిస్తుంది.

బైరాగిపట్టెడ_హ్యాచ్‌బ్యాక్:
చూశాను. 12, 6 దగ్గర ఏమీ లేదు. 9, 3 దగ్గర ఎడమ చక్రం స్పష్టంగా ఆడుతోంది, కుడిది గట్టిగా ఉంది. మా తమ్ముడు స్టీరింగ్ కదుపుతుంటే బయటి జాయింట్ మీద వేలికి టక్ టక్ తగిలింది, రబ్బరు కూడా చీలి ఎండిపోయింది. లోపలి బెల్లోస్ (ర్యాక్ చివర మడతల రబ్బరు తొడుగు) పట్టుకుని చూస్తే అక్కడేమీ తెలియలేదు. ఇంకా, కుడి ముందు టైరు లోపలి పక్క గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు ఉంది, బయటి నుంచి కనబడేదే కాదు. టైరు మీద 1418 అని ఉంది.

చిత్తూరు_షెడ్:
దొరికేసింది. 1418 అంటే 2018లో 14వ వారం తయారైంది, వయసు ఎలాగూ అయిపోయింది. ఉబ్బిన టైరుతో ఈ రోజు నుంచే హైవే ఎక్కకు, అది ఎప్పుడైనా పేలొచ్చు, నీ 80 వణుకు కూడా చాలావరకు దానిదే. ముందు రెండు టైర్లూ కలిపి మార్చి బ్యాలెన్సింగ్ చేయించు.

బయటి టై రాడ్ ఎండ్ ఒక్కటి మారిస్తే చాలు, ర్యాక్ ముట్టుకోనివ్వకు. పాతది విప్పేముందు ఎన్ని మరలు లోపలికి ఉందో గుర్తు పెట్టి, కొత్తది అంతే బిగించమను, అప్పుడు అలైన్‌మెంట్ సెంటర్ దాకా నడపడానికి సరిపోతుంది. నట్టు ఊడకుండా స్ప్లిట్ పిన్ ఉండే రకం అయితే పాత పిన్నే వంచి పెట్టనివ్వకు, కొత్తది వేయించు. పాత జాయింట్ అడిగి తీసుకుని పక్కన కొత్తది పెట్టి రెండింటి జాయింట్ కాడనీ చేత్తో కదిపి చూడు, కొత్తది బిగువుగా తిరుగుతుంది, పాతది వదులుగా వేలాడుతుంది. నీకు ర్యాక్ అని చెప్పినవాళ్లకి అదే చూపించు.