ఫైళ్లలో టీఎస్‌ని టీజీ చేయాలి, ఒక్క కమాండ్‌తో అవుతుందా?

షెడ్డు లెక్కలు:
వనస్థలిపురం ఆటోనగర్‌లో మా మామయ్యకి బస్సులు, లారీలు రిపేర్ చేసే షెడ్డు ఉంది. బిల్లులు, కొటేషన్లు, ఉత్తరాలు చూసేది నేను. అన్నీ హెచ్‌టీఎంఎల్ ఫైళ్లే, ఉబుంటు లాప్‌టాప్‌లో ఏడాదికో ఫోల్డర్. పాత ఫైల్ కాపీ చేసి కొత్త బిల్లు కొడుతుంటాం కాబట్టి ఇప్పటికీ "డిపో మేనేజర్, టీఎస్‌ఆర్‌టీసీ, హయత్‌నగర్" అనే పోతోంది. మొన్న ఒకచోట పేరు సరిచేసి తెమ్మని బిల్లు తిప్పి పంపారు. టీఎస్ ఉన్నచోటల్లా టీజీ పెట్టమని సెడ్‌కి (ఫైళ్లలో మాటలు మార్చే కమాండ్) చెబితే సరిపోతుందా?

పాత టెర్మినల్:
అస్సలు వద్దండీ. ముందు మీ బిల్లులో "స్పేర్ పార్ట్స్" అని ఇంగ్లిష్ క్యాపిటల్స్‌లో ఉందేమో చూడండి. దాని చివరి రెండు అక్షరాలు టీ, ఎస్‌లే. కస్టమర్‌కి "స్పేర్ పార్‌టీజీ" బిల్లు వెళ్తుంది.

రెండోది, బండి నంబర్లు. టీజీ సిరీస్ 2024 మార్చి 15 నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకే. అంతకుముందు టీఎస్ 09 అని ఉన్న బండి ఇప్పటికీ టీఎస్ 09నే. అది మారితే బిల్లు ఒక బండిది, ఆర్సీ ఇంకో బండిది.

మూడోది అసలు తమాషా. టీఎస్‌ఆర్‌టీసీలో టీఎస్ తీసి టీజీ పెడితే టీజీఆర్‌టీసీ వస్తుంది. కొత్త పేరు అది కాదు, టీజీఎస్‌ఆర్‌టీసీ. కరెంటోళ్ల టీఎస్‌ఎస్‌పీడీసీఎల్ మాత్రం అదే పద్ధతిలో సరిగ్గా టీజీఎస్‌పీడీసీఎల్ అవుతుంది. ఒక రూల్ అన్నిటికీ పనిచేయదు, పేరు పేరుకీ విడిగా రాయాల్సిందే.

ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉంది, కమాండ్లు మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి. కొత్త బిల్లుకి కాపీ చేసే ఫైళ్లని మాత్రం "నమూనాలు" అనే ఫోల్డర్‌లో పెట్టి, ముందు గ్రెప్‌తో (మాటలు వెతికే కమాండ్) ఏమేం ఉన్నాయో చూడండి:

గ్రెప్ -ఆర్‌ఓహెచ్‌ఈ '[ఏ-జడ్]*టీఎస్[ఏ-జడ్]*' నమూనాలు | సార్ట్ | యూనిక్ -సి

ఆప్షన్లలో "ఈ" అనే అక్షరం ఒక్కటే క్యాపిటల్, మిగతావి చిన్నక్షరాలు. టీఎస్ ఉన్న ప్రతి మాటా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతో వస్తుంది. దాన్ని చూసి మార్పులు.సెడ్ అనే ఫైల్‌లో లైనుకో రూల్ రాయండి:

ఎస్/\బి టీఎస్‌ఆర్‌టీసీ\బి/టీజీఎస్‌ఆర్‌టీసీ/జి

(మొదటి \బి తర్వాత ఖాళీ ఉండకూడదు.) \బి అంటే మాట హద్దు, జి అంటే లైన్‌లో ఎన్నిసార్లుంటే అన్నిసార్లు. తర్వాత:

సెడ్ -ఐ.బాక్ -ఎఫ్ మార్పులు.సెడ్ నమూనాలు/*.హెచ్‌టీఎంఎల్

.బాక్ ఉంటే పాత ఫైల్ పక్కన మిగులుతుంది. కానీ రెండోసారి నడిపితే ఆ .బాక్ మీదే రాసేస్తుంది, అందుకని ముందు ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి.

ఫోల్డర్ పేరు "నమూనాలు" అని ఊరికే పెట్టలేదు. పాత ఏళ్ల బిల్లుల జోలికి వెళ్లకండి. 2023లో ఇచ్చిన బిల్లు మీద అప్పటి పేరే ఉండాలి, రేపు ఆడిటర్ అడిగితే మీకే టెన్షన్.

నల్లకుంట:
ఇంత కష్టం ఎందుకన్నా, వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఫోల్డర్ తెరిచి రీప్లేస్ కొడితే ఒక్కోటి చూసి ఓకే చెయ్యొచ్చు కదా.

పాత టెర్మినల్:
పది ఫైళ్లకి అదే మేలు, కాదనను.

షెడ్డు లెక్కలు:
ఆ లెక్క చూశాక నవ్వొచ్చింది సార్, పార్ట్స్‌దే మొదటి స్థానం! మా తమ్ముడి మాక్‌లో మాత్రం అవే రూల్స్ పెడితే ఎర్రర్ లేదు, మార్పూ లేదు. ఇంకోటి, కొటేషన్ ఫారంలో "బండి నం: టీఎస్" అని ముందే అచ్చు ఉంది. దాన్ని టీజీ చేయనా?

పాత టెర్మినల్:
మాక్‌లో సెడ్ వేరే రకం, \బిని హద్దుగా గుర్తించదు. అక్కడ సెడ్ బదులు పెర్ల్ -పీఐ.బాక్ -ఈ ఇచ్చి అదే రూల్ కొటేషన్ గుర్తుల్లో పెట్టండి, రెండు చోట్లా నడుస్తుంది. ఈసారి "ఈ" అనే అక్షరం కూడా చిన్నక్షరమే.

ఫారంలో టీఎస్ తీసేసి ఖాళీ వదలండి. మీ షెడ్డుకి ఏపీ బండ్లు కూడా వస్తాయిగా.