మామగారి రేడియో శబ్దం: ఏం చేయాలి?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)
అందరికీ నమస్కారం. రెండు గదుల ఇంట్లో మా అత్తమామలు, మేమిద్దరం, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి కలిసి ఉంటున్నాం. విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైన 1948లోనే తానూ పుట్టానని సంతోషంగా చెప్పుకొనే మా మామగారు తెల్లవారగానే రేడియో పెడతారు. ఏడాదిగా ఆ శబ్దం వీధి గుమ్మం దాకా వినిపిస్తోంది, పిల్లవాడికి చదువు సాగడం లేదు. మొన్న మావారు కాస్త గట్టిగా అనేసరికి, ఆయన రేడియోను తువ్వాలులో చుట్టి బీరువా మీద పెట్టేశారు. అప్పటి నుంచి ఇంట్లో చప్పుడు లేదు గానీ నాకు అన్నం సహించడం లేదు. ఏం చేయమంటారు?

మొదటి జవాబు
అమ్మా, ముందు చెవుల డాక్టరుకు చూపించండి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సన్నని ధ్వనులు ముందుగా పోతాయి కాబట్టి, స, శ వంటి అక్షరాలు అందక, శబ్దం వినిపిస్తున్నా మాట అర్థం కాదు. ఆయన రేడియో పెంచడానికి కారణం అదే కావచ్చు. గులిమి అడ్డుపడినా వినికిడి తగ్గుతుంది. ఇంట్లో పుల్లలు పెట్టి తీయకండి.

రెండో జవాబు (బ్రాడీపేట, గుంటూరు)
మా నాన్నగారికి చెవి మిషను కొంటే ఆరు నెలలు సొరుగులోనే ఉంది. మొండితనం అనుకున్నాం. ఒకరోజు చూస్తే, కందిగింజంత బ్యాటరీని వణికే వేళ్లతో పట్టుకోలేక మూడుసార్లు జారవిడిచి, ఎవరూ చూడకముందే డబ్బా మూసేశారు. అప్పటి నుంచి మా అమ్మాయి కాలేజీ బస్సు ఎక్కే ముందు తాతయ్య చెవికి మిషను పెట్టి వెళ్తోంది. మొదట్లో గిన్నెల చప్పుడు కూడా భరించలేకపోయారు. రోజుకు గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే కొన్ని వారాలకు అలవాటైంది. ఆదాయం తక్కువగా ఉండి 60 ఏళ్లు దాటినవారికి 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఇవి ఉచితంగా ఇస్తారు.

మూడో జవాబు
మిషను వచ్చేదాకా ఆగడం సరికాదని నా అభిప్రాయం. ఆ రేడియోను ఈరోజే, మీవారి చేతులతోనే కిందికి దించండి. వెనక నుంచి కేకలు వేయకుండా ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడండి. అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు
మావారు రేడియో దించి, తుడిచి, ఆయన పక్కనే కూర్చున్నారు. వార్తలయ్యాక ఎదురుగా తిరిగి ఒక్కొక్కటీ మళ్లీ చెప్పారు. మామగారు మధ్యలో రెండుసార్లు, "ఇది నాకు వినిపించిందిలేరా" అన్నారు. శనివారం డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం, మనవణ్ణి కూడా వెంట రమ్మన్నారు.