‘స్తంభన’ అందామా, ‘సద్దుమణచడం’ అందామా?

ప్రశ్న: ఎలుక మెదడులో ఒక చిన్న భాగానికి మందు పంపి, కాసేపు అది పనిచేయకుండా ఆపి, ఈలోగా ఆ ఎలుక ఏం చేయగలదో, ఏది చేయలేదో చూసే పద్ధతికి సరైన తెలుగు మాట ఏది? ‘నిర్వీర్యం చేయడం’, ‘మత్తు’, ‘మొద్దుబార్చడం’ తడుతున్నాయి.

జవాబు: మూడూ వద్దండి. నిర్వీర్యం చేసిన బాంబు మళ్లీ పేలదు. ఈ పద్ధతికి ఆయువుపట్టు మెదడు మళ్లీ మామూలు కావడమే. అందుకే ఒకే ఎలుకకు ఒక రోజు మందు, మరో రోజు ఉత్త సెలైన్ ఇచ్చి దాన్ని దానితోనే పోల్చగలుగుతున్నారు (సగం ఎలుకలకు వరుస తిరగేస్తారు). మత్తంటే ఒళ్లంతా సోలిపోవాలి, ఇక్కడ ఎలుక మెలకువగా తిరుగుతుంటుంది. ఇక మొద్దుబారేది స్పర్శ.

జవాబు: ‘స్తంభన’ ఉందిగా! భారతంలో దుర్యోధనుడు మడుగులో జలస్తంభన చేసి దాగాడు. నీళ్లు ఎక్కడికీ పోలేదు, కదలిక ఆగిందంతే.

జవాబు: చక్కని మాట, కానీ అన్ని మందులకూ అతకదు. లిడోకెయిన్ (దంతవైద్యులు తిమ్మిరికి వాడే మందు), టెట్రోడోటాక్సిన్ (ఒక చేప విషం) నాడీ సంకేతం సాగడానికి కావలసిన సోడియం ద్వారాలను మూస్తాయి. దాంతో అక్కడి కణాలే కాదు, ఆ చోటు మీదుగా ఇంకెక్కడికో వెళ్లే నాడీ తంతువుల్లో సంకేతం కూడా నిలిచిపోతుంది. అది అచ్చమైన స్తంభన. మసిమోల్ దారి వేరు. అమానిటా మస్కేరియా అనే పుట్టగొడుగులో ఉండే ఈ పదార్థం గాబా-ఏ గ్రాహకాలను (మెదడు తన కణాలను తానే నెమ్మదింపజేసుకునే మీటలను) పట్టుకుని, క్లోరైడ్ ద్వారాలు తెరిచి, కణాన్ని అణచి ఉంచుతుంది. దారినపోయే తంతువుల జోలికి దాదాపు వెళ్లదు. దీనికి ‘సద్దుమణచడం’ అనాలని నా పట్టు. నాడీకణాల సంకేతాలను స్పీకరుకు కలిపితే టపటపమని వినిపిస్తాయి, మసిమోల్ అందాక ఆ సద్దు నిజంగానే మణుగుతుంది. రెంటికీ ఒకే మాట వాడితే ఫలితాన్నే తప్పు చదువుతాం. లిడోకెయిన్ ఇచ్చాక ఎలుక దారి మరిచిపోతే, లోపం ఆ భాగంలోని కణాలదా, దాని మీదుగా పోయే తంతువులదా అన్నది తేలదు.

వ్యవధి కూడా వేరు. లిడోకెయిన్ నిమిషాల్లో పట్టి, సుమారు అరగంట నుంచి గంటలో వదులుతుంది. మసిమోల్ గంటల తరబడి ఉంటుంది.

ప్రశ్న: మందు ‘పొడవడం’ అనాలా, ‘ఎక్కించడం’ అనాలా?

జవాబు: ఎక్కించడమే. ఇందులో నిదానమే ముఖ్యం. ముందే శస్త్రచికిత్స చేసి పుర్రెకు ఒక సన్నని దారిగొట్టం బిగిస్తారు, కోలుకోవడానికి వారం రోజులిస్తారు. ప్రయోగం రోజున దానిలోంచి చాలా సన్నని (33 గేజ్) సూది దించుతారు, దాని కొన గొట్టం దాటి ఒక మిల్లీమీటరు ముందుకు ఉంటుంది. మసిమోల్ అయితే మైక్రోలీటరుకు 1 మైక్రోగ్రాము గాఢతలో, మెదడులో ఒక్కో పక్కకు అర మైక్రోలీటరు చొప్పున, నిమిషానికి పావు మైక్రోలీటరు వేగంతో పంపడం మామూలు. రెండు పక్కలా ఇవ్వాలి, ఒక్క పక్కే ఇస్తే రెండోది చాలాసార్లు పని నెట్టుకొస్తుంది. పంపు ఆగాక సూదిని మరో నిమిషమో రెండు నిమిషాలో కదపకూడదు, తొందరపడి లాగితే మందు గొట్టం వెంబడే పైకి ఎగదన్నుతుంది. పంపు నుంచి సూదికి వెళ్లే ట్యూబులో ఒక చిన్న గాలిబుడగ ఉంచితే, అది కదలడాన్ని బట్టి మందు వెళ్తున్నదీ లేనిదీ కంటికి తెలుస్తుంది. కదలకపోతే సూది కొన పూడిందన్నమాట, ఆ రోజు లెక్క రాయకూడదు. పరీక్ష 15 నుంచి 30 నిమిషాల తర్వాత మొదలుపెడతారు.

జవాబు: ఎక్కించిన మందు చుట్టుపక్కలకు చేరడాన్ని ‘వ్యాప్తి’ అనేకన్నా ‘పాకడం’ అంటే బాగుంటుందేమో. ఎంత మేర పాకిందన్నది ఫలితానికి కీలకం. అర మైక్రోలీటరే అయినా మసిమోల్ మిల్లీమీటరు దాకా పాకగలదు, ఎలుక మెదడులో అది పక్క భాగం కావచ్చు. చివర్లో మెదడును పలుచని పొరలుగా కోసి రంగు వేసి చూసినా కనబడేది సూది జాడే, మందు జాడ కాదు. మెరిసే రంగు తగిలించిన మసిమోల్ వాడితే ఆ మేర కనిపిస్తుంది, కానీ రంగు అణువు పెద్దది కాబట్టి మామూలు మసిమోల్ కంటే తక్కువ దూరం పాకుతుంది. కాబట్టి వ్యాసంలో ‘సూది చేరిన చోటు’, ‘మందు పాకిన మేర’ అని రెండూ విడివిడిగా రాయండి.