కుక్కను కొట్టకుండా దారిలో పెట్టేవాళ్లు హైదరాబాద్‌లో ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మేం ఉప్పల్‌లో ఉంటాం. మా బుజ్జిగాడు 3 ఏళ్ల నాటు కుక్క, వీధిలో దొరికిన పిల్లను తెచ్చి పెంచుకున్నాం. మొన్న దీపావళి దాకా ఏ గొడవా లేదు. ఆ రాత్రి టపాసుల మోతకు మంచం కింద దూరి తెల్లారేదాకా వణికాడు. అప్పటి నుంచి కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడతాడు, గిన్నె దగ్గరికి ఎవరెళ్లినా గుర్రుమంటాడు. పోయిన వారం మా అత్తయ్య చెయ్యి కరిచాడు. వాడికి టీకాలన్నీ వేయించాం. అయినా గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆవిడకు రేబిస్ సూదులు మొదలుపెట్టించాం.

ఒక ట్రైనర్‌ను పిలిస్తే మెడకు ముళ్ల గొలుసు వేసి లాగాడు. బుజ్జిగాడు భయంతో అక్కడే మూత్రం పోసేశాడు. మర్నాటి నుంచి ఆయన్ని రావద్దన్నాను. భయపడిన జీవిని ఇంకా భయపెడితే కరవడం తగ్గుతుందా?

చెవి నొప్పో, పంటి నొప్పో ఉన్నా ఇలా చేస్తాయని డాక్టర్‌కు చూపించాం, అలాంటిదేమీ లేదన్నారు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో ఇలాంటి ప్రవర్తన సమస్యలు చూస్తారా? భయం తగ్గే మందులు వాడి చూసినవాళ్లున్నారా? ఇంటికొచ్చి ఓపిగ్గా నేర్పేవాళ్లు తెలిస్తే, ఎంత తీసుకుంటారో కూడా చెప్పండి.

ఇంట్లో 4 ఏళ్ల పాప ఉంది, ఇద్దరినీ ఒకే గదిలో ఉంచడం లేదు. చుట్టాలంతా ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు. అది నావల్ల కాదండీ.